మామయ్యకు వచ్చిన ఇంగ్లీషు

మామయ్యకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం కలిపితే ఒక్కటే మాట: చార్మ్. ఆ ఒక్క మాటనీ ఆయన 'లేదు' అని చెప్పడానికే వాడేవాడు. కాఫీలో చార్మ్ లేదు. చందమామలో చార్మ్ లేదు. కొత్తగా వేసిన రోడ్డులో లేదు, పాతబడ్డ స్నేహంలో లేదు, ఆఖరికి పక్కింటి కుక్క మొరుగుడులో కూడా లేదు. "ఇదివరకు ఆ కుక్క మొరిగితే మొరిగినట్టు ఉండేదమ్మా. ఇప్పుడేదో ఉద్యోగం చేస్తున్నట్టు మొరుగుతోంది" అని నిట్టూర్చేవాడు.

ఒకసారి తుఫాను వస్తుందని ఊరంతా కిటికీలు బిగించుకుని కూర్చుంటే, అది కాస్తా పక్కదారి పట్టి పోయింది. అందరూ బతుకుజీవుడా అనుకుంటుంటే మామయ్య వీధిలోకి వచ్చి ఆకాశం వంక చూసి, "తుఫాన్లకి కూడా చార్మ్ పోయింది" అన్నాడు. ఇంకోసారి కడుపునొప్పితో డాక్టరు దగ్గరకు వెళ్లాడు. డాక్టరు ఆయన పొట్ట నొక్కి "ఇక్కడ నొప్పుందా?" అని అడిగాడు. "ఉందండీ, ఉంది గానీ చార్మ్ లేదు. పోయినేడాది వచ్చిందీ, నొప్పంటే అదీ!" అన్నాడు మామయ్య. మందుల చీటీ మీద ఏం రాయాలో తోచక డాక్టరు కలం మూత పెట్టేశాడు.

మామయ్య చెల్లెలి కూతురు బుజ్జమ్మ ఈ మాట వింటూనే పెరిగింది. చిన్నతనంలో ఆయన్ని ఎలాగైనా ఓడించాలని ఎన్నో ఎత్తులు వేసేది.

"మామయ్యా, ఐస్‌క్రీములో?"

"కరిగిపోయేదానికి చార్మేమిటే?"

"కరక్కపోతే?"

"కరగని ఐస్‌క్రీములో అసలే ఉండదు."

"మరి నాలో?"

"నీ గౌనులో లేదు" అనేవాడు మామయ్య. బుజ్జమ్మ ఆ గౌను విప్పి ఇంకోటి తొడుక్కుని మళ్లీ వచ్చేది.

ఆయనది పాత కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పెట్టే కొట్టు. ఇరుకు గది, గోడల నిండా గోధుమరంగు మరకలు. గుమ్మంలో కాలు పెడితే చాలు, స్పిరిట్ వాసన ముక్కులోంచి నెత్తికెక్కేది. అక్కడ బేరం సాగే తీరు చూస్తే ఏ వ్యాపారికైనా గుండె ఆగిపోవాలి. ఒక పెద్దమనిషి తన తండ్రి వాడిన పడక్కుర్చీ మోసుకొచ్చి, దీన్ని అమ్మితే ఎవరైనా కొంటారా అని అడిగాడు.

"కొన్నవాడు మిమ్మల్ని తిడతాడండీ. చార్మ్ లేదు. పొయ్యిలో పెట్టండి."

"పొయ్యిలోనా?"

"చేతులు చూడండి, ఎలా అరిగిపోయాయో."

"అరగవూ మరి? మా నాన్న పొద్దున్నే అక్కడ మోచేతులు ఆనించి పేపరు చదివేవాడు."

"చదివితే చదివాడు. ఆ కాలు చూడండి, అష్టవంకరలు."

"ఆ కాలు చిన్నప్పుడు నేనే విరగ్గొట్టానండీ. మా నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు." ఆయన కుర్చీని రెండు చేతులా దగ్గరకు లాక్కుని, "పొయ్యిలో పెట్టమనడానికి మీకు నోరెలా వచ్చిందయ్యా? ఇది మా ఇంట్లోనే ఉంటుంది. పాలిష్ పెట్టండి. బాగా పెట్టండి!" అని కేకలు వేశాడు.

"పెడతాను గానీ పెద్ద ప్రయోజనం ఉండదు" అంటూ మామయ్య చెక్క నునుపు చేసే ఉప్పుకాగితం అందుకున్నాడు. ఇంత పాడునోరు పెట్టుకుని ఆ కొట్టు ఎలా నడుస్తోందా అని వీధిలో వాళ్లంతా ఆశ్చర్యపోయేవారు. అంతా అదృష్టం అనుకునేవారు.

ఆ వీధిలోనే ఉండే ఇంగ్లీషు మేష్టారు ఓ సాయంత్రం బల్ల పాలిష్‌కి ఇవ్వడానికి వచ్చి, ఈ మాట పదోసారి విని ఓపిక నశించి, "అసలు చార్మ్ అంటే అర్థం తెలుసా మీకు?" అని అడిగాడు.

"మీరే చెప్పండి."

"మనసు లాగే గుణం. అది ఒక అర్థం. మంత్రానికీ అదే మాట. పాముని ఆడించడానికీ అదే మాట. మెడలో కట్టుకునే తాయెత్తుకీ అదే. చేతి గొలుసుకి వేలాడదీసే బుల్లి బుల్లి బొమ్మలున్నాయే, వాటికీ అదే. ఏదైనా పని ఇట్టే అయిపోతే, చార్మ్‌లా జరిగిందంటారు."

మామయ్య చేతిలోని గుడ్డ పక్కన పెట్టేశాడు. ఆయన ముఖం నిజంగానే దిగులుపడింది. "పాపం, ఒక్క మాట నెత్తిన ఇన్ని పనులా మేష్టారూ? ఇంత చాకిరీ చేయించుకుంటే ఏ మాటకైనా చార్మ్ పోదూ?" అన్నాడు. మేష్టారు బల్ల అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఈ కబుర్లన్నీ చెప్పి బుజ్జమ్మ హోటల్లో తోటివాళ్లను నవ్వించేది. ఆమె ఉద్యోగం హోటల్ రిసెప్షన్లో, ముందు బల్ల దగ్గర. ఎవరు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చినా ముందు కనబడేది ఆమె ముఖమే, వినబడేది ఆమె పలకరింపే. ప్రయాణంలో నలిగిపోయి చిరాకుగా వచ్చినవాళ్లు కూడా ఆమె రెండు మాటలు మాట్లాడేసరికి మెత్తబడేవారు. గది తాళంచెవి జేబులోనే పెట్టుకుని, తాళంచెవి ఇమ్మని మళ్లీ వచ్చేవాళ్లు కూడా ఉండేవారు.

ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లన్నీ ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంది. ముఖంలో సగం ఆమె మాట వింటోంది, సగం వినడం లేదు. ఎడమ కన్ను మూసుకోదు. ఎడమ పెదవి కిందికి జారి ఎవరిదో అరువు తెచ్చుకున్నదానిలా వేలాడుతోంది.

"ముఖానికి వెళ్లే నరం దెబ్బతిందమ్మా. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది" అన్నాడు డాక్టరు.

"నేను ఏ రకం?"

"అది నరమే చెప్పాలి."

కొంచెం కుదుటపడి ఉద్యోగానికి వెళ్తే మేనేజరు తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, మంచినీళ్లు ఇచ్చి మరీ చెప్పాడు. "నీ పనికి వంక పెట్టడానికి లేదమ్మా. కానీ ముందు బల్ల దగ్గర కాస్త చార్మ్ ఉండాలి కదా. నువ్వే ఆలోచించు."

చిన్నప్పటినుంచీ వింటే నవ్వొచ్చిన మాట. ఈసారి కత్తిలా దిగింది. ఆమెను కింది అంతస్తులో దుప్పట్లు మడతపెట్టే గదికి పంపారు. కిటికీ లేని గది. అక్కడికి ఎవరూ తాళంచెవుల కోసం రారు. వారం తిరక్కుండానే బుజ్జమ్మ వెళ్లడం మానేసింది.

ఇంట్లో తల్లీ కూతుళ్లే. తల్లి పొద్దున్న లేచింది మొదలు "ఏం తెలియట్లేదే, నిన్నటికీ ఇవాళ్టికీ చాలా నయం" అనేది. చూడవచ్చినవాళ్లందరూ అదే పాట. ఒకావిడ తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. ఒకాయన ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుని మంత్రం జపించాడు, మధ్యలో కునుకు తీశాడు. హోటల్లో స్నేహితురాలు బుల్లి బొమ్మలు వేలాడే చేతి గొలుసు ఇచ్చి, "ఇది వేసుకో, చూసేవాళ్ల కళ్లు చేతిమీదకి పోతాయి" అంది. మేష్టారు చెప్పిన అర్థాలు ఒక్కొక్కటే నడిచి ఇంటికి వచ్చాయి. మొదటిది, ఆ మనసు లాగే గుణం మాత్రం రాలేదు.

వీటన్నిటికంటే ఎక్కువ బాధ మాటతోనే. ప, బ, మ పలకాలంటే పెదవులు రెండూ కలవాలి. ఆమెకు సగమే కలిసేవి. మిగతా సగంలోంచి గాలి పోయేది. పసిపిల్లలకు అన్నిటికంటే ముందు వచ్చే అక్షరాలు అవే. ఇప్పుడు ఆమె 'అమ్మా' అంటే తల్లి ముఖం అవతలికి తిప్పుకుని కొంగు నోట్లో కుక్కుకునేది. పెదవులతో ఆ అక్షరాలు పదేపదే పలకమని, అదే సాధన అని డాక్టరు చెప్పాడు. బుజ్జమ్మ అసలు మాట్లాడటమే మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

చివరికి తల్లి అన్నకు కబురు పెట్టింది.

మామయ్య వస్తున్నాడని తెలియగానే బుజ్జమ్మకు భయం పట్టుకుంది. లోకం మొత్తంలో అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే. తన ముఖం చూసి ఈయన కూడా ఆ మాట అనేస్తే ఇక మిగిలేదేమీ లేదు. ఆయన వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆమె ముఖం వంక చాలాసేపు తేరిపార చూశాడు. 'అనెయ్ మామయ్యా, ఒక పనైపోతుంది' అనుకుంది ఆమె.

"ఈ గదికి ఉన్న కిటికీ ఉందే," అన్నాడు మామయ్య, "దాంట్లో చార్మ్ లేదు."

బుజ్జమ్మకు ఇంకా ఏడుపొచ్చింది. ఆ కిటికీపాటి విలువ కూడా లేదన్నమాట తన ముఖానికి.

అప్పటినుంచి రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చేవాడు. కూర్చుని ఇంట్లో వస్తువులన్నిటినీ వరసపెట్టి ఉతికేవాడు. ఓదార్పు ఒక్క ముక్క లేదు, ధైర్యం చెప్పడం లేదు. వినలేక తల్లి వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేసేది. "అన్నయ్యా, పిల్ల ఇలా ఉంటే నువ్వు ఆ బల్ల గురించి ఏడుస్తావేంటి?" అంటే, "బల్లని చూస్తే ఏడుపు రాదూ?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం బయట వాన కురుస్తోంది. బేరాలు లేక మామయ్య తొందరగా వచ్చాడు. బుజ్జమ్మ గోడవైపే తిరిగి, "నాకు బతకాలని లేదు" అంది. 'బతకాలని' అన్నదాంట్లో కూడా మొదటి అక్షరం గాలైపోయింది. చావాలనుకున్న మాటైనా పూర్తిగా రాని బతుకు.

వెనకాల స్టూలు కిర్రుమంది. లేచి వెళ్లిపోయాడేమో అనుకుంది ఆమె.

"నిజమే," అన్నాడు మామయ్య. "ఏముంది గనక ఇందులో? ఆ సూర్యుడు చూడు, రోజూ అదే పక్కనుంచి రావడం. ఒక్కనాడైనా కొత్తగా వచ్చాడా? చెట్లు, ఊరికే నిలబడి ఉంటాయి. పనీ పాటా లేదు. ఇక ఆ వాన! పైన ఎవరో అంట్లు కడిగి పారబోస్తున్నట్టు లేదూ? దాంట్లో చార్మ్ ఉందా, నువ్వే చెప్పు."

వాన అంటే బుజ్జమ్మకు ప్రాణం.

"ఉంది" అంది.

ఆ మాటకు పెదవులు కలపక్కర్లేదు. చక్కగా వచ్చింది.

"ఏముంది?"

"వాసన."

"ఏంటీ? వినబడలేదు."

ఆమె ఇటు తిరిగింది. "వాసన! మట్టి వాసన!"

"ఓస్, మట్టి వాసనా? మా కొట్టులో స్పిరిట్ వాసన ముందు అదెంత?"

"ఛీ! అది కూడా ఒక వాసనేనా మామయ్యా!"

"ఇప్పుడు నన్నేమని పిలిచావ్? ఆవయ్యా? పాలివ్వమంటావా ఏం?"

"మామయ్యా!" అని అరిచింది బుజ్జమ్మ. కోపానికి పెదవులు వాటంతట అవే బిగిశాయి. మాట పూర్తిగా రాలేదు గానీ, వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

దుఃఖం ఒక్క వానకి కొట్టుకుపోయేది కాదు. మర్నాడు బుజ్జమ్మ మళ్లీ గోడవైపే తిరిగి పడుకుంది. ఆ మర్నాడూ అంతే. కానీ మామయ్య పావురాన్ని తిడితే ఊరుకోలేకపోయింది. పిల్లిని తిడితే ఊరుకోలేకపోయింది. మబ్బుల్ని, మెట్లని, బొమ్మల్ని, ఆఖరికి పక్కింటి పసిపాప వేసుకున్న మేజోళ్లని కూడా ఆయన దుమ్మెత్తిపోస్తుంటే, మంచం మీద లేచి కూర్చుని వాటి తరఫున వాదించింది. ఎంగిలి తుంపర్లు పడేవి. "గొడుగు తెచ్చుకోవాల్సింది" అనేవాడు మామయ్య తుడుచుకుంటూ. బుజ్జమ్మ తువ్వాలు ఆయన ముఖాన విసిరికొట్టేది.

ఒకరోజు మామయ్యకు జ్వరం తగిలి అత్తయ్య వచ్చింది. బుజ్జమ్మ ఆవిడ దగ్గర తన గోడు వెళ్లబోసుకుంది. "ఆయనకి పావురం అంటే అంత పగేంటత్తయ్యా?"

అత్తయ్య పకపక నవ్వింది. "పావురం అంటే పగా? డాక్టరు చెప్పిన అక్షరాల సంగతి మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి మా ఇంట్లో నాకు నిద్ర లేదే! పొద్దున్నే లేచి ఇల్లంతా తిరుగుతాడు. బకెట్టుని తిట్టి చూస్తాడు, బీరువాని తిట్టి చూస్తాడు. 'ఏమే, ప తో, మ తో ఇంకేమున్నాయే?' అని నా ప్రాణం తీస్తాడు. పీటని తిడితే నీకు కోపం రాదట. పిల్లి అయితే ఖాయమట."

బుజ్జమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మూసుకోవడం ఎలాగూ కష్టమే.

"ఆయనకి ఈ రోగం మొదట్లో లేదే," అంది అత్తయ్య, నవ్వు తగ్గించి. "ఎవరో దొరగారు ఈయన పాలిష్ పెట్టిన బల్ల చూసి 'చార్మ్' అన్నాట్ట. ఇక చూస్కో, పెళ్లైన కొత్తలో నా జడలో చార్మ్, నా కాఫీలో చార్మ్, నా కోపంలో చార్మ్. తర్వాత మాకు బిడ్డ పుట్టి పోయింది. నేను మంచం పట్టాను. అందరూ వచ్చి ఓదార్చేవాళ్లు. ఓదార్పు వింటుంటే ఇంకా లోపలికి కూరుకుపోయేదాన్ని. ఓ రోజు ఈయన వచ్చి నా చేత్తో కుట్టుకున్న కిటికీ తెరల్ని పట్టుకుని, 'వీటిలో చార్మ్ లేదు, పీకి పారేస్తా' అన్నాడు. ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచి కొట్టాను. నిజంగానే కొట్టానే, వీపు మీద. లేచినదాన్ని మళ్లీ పడుకోలేదు. అప్పట్నుంచి ఎవరు కుంగిపోయి కనబడినా ఇదే వైద్యం. చేసి చేసి అలవాటైపోయింది, ఇప్పుడు రోగం లేనివాళ్లక్కూడా చేస్తున్నాడు."

కొన్ని నెలలకి నరం చెప్పాల్సింది చెప్పింది. కన్ను మూసుకుంది, మాట తిరిగొచ్చింది. పెదవి ఎడమ కొస మాత్రం పైకి లేవలేదు, ఇక లేవదని డాక్టరు తేల్చేశాడు. బుజ్జమ్మ హోటలుకు వెళ్లింది. మేనేజరు ఆమె ముఖాన్ని పరీక్షగా చూసి, "ఇంకొన్నాళ్లు పోనీ, చూద్దాం" అన్నాడు. ఆ చూపులోనే జవాబు ఉంది. దారంతా ఏడ్చుకుంటూ నడిచి, ఇంటికి వెళ్లాల్సింది తిన్నగా మామయ్య కొట్టుకు వెళ్లింది.

ఆయన ఏమైందని అడగలేదు. ఒక ఉప్పుకాగితం ముక్క చేతికిచ్చి, అరిగిన బల్ల ఒకటి చూపించాడు. ఆమె రుద్దుతూ కూర్చుంది. మర్నాడూ వచ్చింది. వస్తూనే ఉంది.

"మామయ్యా," అని అడిగింది ఒకనాడు. "లోకంలో దేన్నీ వదిలిపెట్టలేదు గదా. నా ముఖాన్ని ఒక్కసారి కూడా ఆ మాట అనలేదేం?"

మామయ్య బల్లమీద గుడ్డ తిప్పుతూనే ఉన్నాడు. "ఉప్పుకాగితం చెక్క మీద రుద్దుతాం గానీ మనుషుల మీద రుద్దుతామా? పనికిమాలిన ప్రశ్నలు. ఆ పక్క నున్నగా రాలేదు, చూసుకో."

ఇంతలో ఒకావిడ తన అమ్మమ్మ ముస్తాబయ్యే అద్దం బల్ల మోయించుకుని వచ్చింది. మామయ్య దాన్ని చూడగానే మొదలుపెట్టాడు. ఆవిడ బిక్కముఖం వేసుకుని బుజ్జమ్మ వైపు తిరిగింది. "ఈయన ఎప్పుడూ ఇంతేనా అమ్మా?"

"ఇవాళ కాస్త నయమండీ. కూర్చోండి. ఈ బల్ల దగ్గర మీ అమ్మమ్మగారు ఏం చేసేవారో చెప్పండి" అంటూ బుజ్జమ్మ చేతిలోని టీ ఒక గుక్క తాగింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ అద్దంలో చూసుకుంటూ తాతయ్యను ఎలా వెక్కిరించేదో చేసి చూపించేసరికి బుజ్జమ్మకు నవ్వాగలేదు. పెదవి కొసనుంచి టీ కారింది. చేతికందిన గుడ్డతో గబుక్కున తుడుచుకుంది. అది పాలిష్ గుడ్డ. చెంప మీద ఇంత పొడుగున గోధుమరంగు చార పడింది.

ఆవిడ చెప్పాలా వద్దా అని తటపటాయించింది. మామయ్య కళ్లజోడు పైకి తోసుకుని, బుజ్జమ్మ ముఖాన్ని అటూ ఇటూ తలవంచి పరిశీలించాడు.

"రంగు బాగా పట్టింది," అన్నాడు. "ఆరాక ఇంకో కోటింగు వేద్దాం."